గ్లోబ్‌లో నిలబడి నాటకం: టికెట్టు చవక, కాళ్లకే కష్టం

లండన్‌లో థేమ్స్ ఒడ్డునున్న షేక్‌స్పియర్స్ గ్లోబ్ నాటకశాలకు 1995 నుంచి 2005 దాకా నటుడు మార్క్ రైలాన్స్ ఆర్టిస్టిక్ డైరెక్టర్. 2002లో షేక్‌స్పియర్ నాటకం 'ట్వెల్ఫ్త్ నైట్'లో ఒలీవియాగా ఆయన ఆడవేషం కట్టింది ఈ వేదిక మీదే. ఆస్కార్ 2016లో వచ్చింది గానీ, రంగస్థలం మీద ఆయన పనితనం అర్థం కావాలంటే ఈ చోటు చూడాలి.

యార్డ్‌లో, అంటే వేదిక ముందున్న ఖాళీ జాగాలో, నిలబడే టికెట్టే కొనండి. పైన కప్పుండదు, గొడుగు తెరవనివ్వరు, రెయిన్‌కోటు తప్పనిసరి. ఆట సాగుతుండగా నేల మీద కూర్చోనివ్వరు. వేదికను ఆనుకుని నిలబడితే నటుడి చెమట చుక్కా కనిపిస్తుంది, కానీ ఆ ఎత్తుకు మెడ పట్టేస్తుంది. తలుపులు తీయగానే వెళ్లి గోడవార చోటు పట్టడం మేలు, వీపుకు ఆసరా. వేదిక మీదున్న లావాటి స్తంభాలు రెండూ ఎక్కడున్నా కాస్త అడ్డే. గ్యాలరీలో ఉన్నవి ఉత్త చెక్కబల్లలు, దిండు అద్దెకు తీసుకోవాల్సిందే. వీలైతే పగటి ఆటకు వెళ్లండి: నటులు నేరుగా మీ కళ్లలోకి చూసి మాట్లాడతారు.