బొంతకు అడుగున మింకీ: చాలా ఉతుకుల తర్వాత

పాత నూలు చీరలతో కుట్టిన బొంతకు అడుగున ఇంకో చీరే వేయడం మనకు అలవాటు. ఆ చోట మింకీ అనే నూగున్న మెత్తటి బట్ట వేస్తే మెత్తదనానికి వంక పెట్టలేం. కుట్టేటప్పుడు మాత్రం చుక్కలు చూపిస్తుంది.

మింకీ పూర్తిగా పాలిస్టర్. నేత కాదు, టీషర్టులాగా అల్లిక. అడ్డంగా బాగా సాగుతుంది, నిలువునా తక్కువ. చిక్కులన్నీ అక్కడే మొదలు. పైనున్న చీర సాగదు కాబట్టి, పరిచేటప్పుడు మింకీని బిగించి లాగారంటే కుట్టడం అయ్యాక అది ముడుచుకుపోయి పైపొరంతా ముడతలు తేలతాయి. నూగు కిందికి పెట్టి నేలమీద పరిచి, అరచేత్తో సవరించి, అంచులకు టేపు అంటిస్తే చాలు. పిన్నీసులు బెత్తెడుకొకటి గుచ్చండి, దూరమైతే జారుతుంది.

కొలత ఇలా: 36×48 అంగుళాల బొంతకు చుట్టూ 4 అంగుళాలు ఎక్కువ కలిపితే 44×56. పన్నా 60 అంగుళాలు ఉంటే మీటరుంపావు సరిపోతుంది. కానీ అప్పుడు నూగు వాలు బొంతకు అడ్డంగా పడుతుంది. తలవైపు నుంచి కాళ్లవైపు దిగాలంటే మీటరున్నర తీసుకోవాలి. మింకీ ఉతికితే కుంచించుకుపోదు. పాత చీర ఎలాగూ కుంచించుకునే ఉంటుంది, అందుకే ఈ రెంటికీ జోడీ కుదురుతుంది. పైన కొత్త నూలు బట్ట వేస్తే మాత్రం ముందు ఉతికి ఆరేయాలి.

రెండు పొరల మధ్యలో పెట్టే బ్యాటింగ్ (దూదిలాంటి పరుపు పొర) ఉబ్బుగా ఉండే పాలిస్టర్‌ది వద్దు. మింకీ తనే బరువు, తనే వెచ్చన. పలచటి నూలు బ్యాటింగ్ గానీ ఒక వరస పాత చీర గానీ వేస్తే సాగుడు కూడా కాస్త అదుపులో ఉంటుంది.

మిషనుకు 90/14 స్ట్రెచ్ సూది, పాలిస్టర్ దారం, కుట్టు పొడవు 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు. వాకింగ్ ఫుట్, అంటే పైపొరను కూడా కిందిపొరతో పాటు ముందుకు జరిపే మిషను పాదం, తప్పనిసరి అనే చెబుతాను. మామూలు ఫుట్‌తో పైపొరా కిందిపొరా ఒకే వేగంతో కదలవు, వరస చివరికొచ్చేసరికి ఒకటి మిగిలిపోయి మడత పడుతుంది. నడుమ నుంచి అంచులకు కుట్టుకుంటూ రండి. వరసల మధ్య 3, 4 అంగుళాలు వదలాలి. దగ్గరదగ్గరగా కుడితే నూగు అణిగి అట్టలా అవుతుంది, ఇక మింకీ కొన్న డబ్బు దండగ. బుడిపెల మింకీ చూడ్డానికి ముద్దుగా ఉన్నా కుట్టు వంకర పోతుంది, సాదాదే మేలు.

ఇంకో సంగతి. దారం బిగువు సరిగా లేక అడుగున ఉచ్చులు పడినా నూగులో దాక్కుంటాయి, కంటికి కనబడవు. ఒక్కో వరస అయ్యాక వెనకవైపు చేత్తో తడిమి చూడాలి. లేకపోతే తర్వాత పిల్లల కాలివేళ్లు ఇరుక్కుంటాయి.

కత్తిరించిన అంచు నుంచి నూగు రాలి ఇల్లంతా ఎగురుతుంది. ఒక్క పొరే పెట్టి, వెనకవైపు నుంచి, బట్ట అడుగు మాత్రమే తెగేలా బ్లేడుతో కోస్తే రాలేది తగ్గుతుంది. బాబిన్ మార్చిన ప్రతిసారీ బాబిన్ కేసు బ్రష్‌తో దులపాలి.

వాడకంలో ముందు చిరిగేది చీరే. మింకీకి ప్రధాన శత్రువు వేడి. ఇస్త్రీపెట్టె తగిలిన చోట నూగు కరిగి గట్టిపడుతుంది, మళ్లీ లేవదు. చన్నీళ్లలో ఉతికి నీడన ఆరేయండి, డ్రయర్ అయితే తక్కువ వేడిలో. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోయొద్దు, నూగుకు పూతలా పట్టి జిడ్డుగా చేస్తుంది. రోజూ రుద్దుకునే చోట కాస్త ఉండ కట్టడం మాత్రం తప్పదు. చలికాలం పొడిగాలిలో చిటపటమని చిన్న షాకులూ కొడుతుంది.

న్యూజెర్సీ చలికీ, ఏసీ గదికీ ఇది బ్రహ్మాండం. విజయవాడ మే నెలలో ఒంటికి తగిలించుకోలేం, పాలిస్టర్ చెమట పీల్చదు. ఏడాదిలోపు పిల్లలు పడుకునే చోట ఏ మెత్తటి దుప్పటీ వదులుగా ఉంచొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది కాబట్టి, పసివాళ్లకైతే పెద్దవాళ్లు దగ్గరుండగా బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి నేలమీద పరచండి.

అంచుకు మింకీనే మడిచి కుట్టొచ్చంటారు గానీ మూలల దగ్గర దిమ్మలా లావెక్కుతుంది. రెండున్నర అంగుళాల నూలు పట్టీ రెండుగా మడిచి కుట్టండి.