ఫ్లోగరిథమ్‌తో తొలి పాఠాలు: విలువల కిటికీ ఇచ్చిన మేలు, ఒంటి సమానపు గుర్తు తెచ్చిన చిక్కు

అనంతపురంలో పాలిటెక్నిక్ మొదటి ఏడాది విద్యార్థులకు సీ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టే ముందు కొన్ని వారాలు ఫ్లోగరిథమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాఠం చెప్పడం కొన్నేళ్లుగా నాకు అలవాటు. అది ఉచితమని, అందులో గీసిన ఫ్లోచార్టు (లెక్కలోని దశలను పెట్టెలతో, బాణాలతో చూపే బొమ్మ) అక్కడే నడుస్తుందని చాలామందికి తెలుసు కాబట్టి ఆ వివరాల జోలికి పోను. ఇన్నాళ్లూ దాన్ని నేను వదలకపోవడానికి కారణం ఒక్కటే: చార్టు నడుస్తున్నప్పుడు ఏ వేరియబుల్‌లో, అంటే విలువను దాచుకునే పేరున్న ఏ చోటులో, ఎంత ఉందో చూపించే చిన్న కిటికీ.

రెండు వేరియబుళ్ల విలువలను తారుమారు చేయమంటే కొత్తవాళ్లలో ఎక్కువమంది ‘ఎ = బి’, ఆ కింద ‘బి = ఎ’ అని రాసి పని అయిపోయిందనుకుంటారు. అది తప్పని బోర్డు మీద ఎంత వివరించినా తల ఊపుతారే తప్ప మనసులో ఒప్పుకోరు. ఎ లో 10, బి లో 20 పెట్టి అదే చార్టును ఒక్కో పెట్టె చొప్పున నడిపిస్తే, మొదటి పెట్టె దాటగానే కిటికీలో రెండు చోట్లా 20 కనబడుతుంది. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి అది చూసి, “పది యాడికి పాయె సార్?” అని అడిగింది. మూడో వేరియబుల్ ఎందుకో ఆ రోజు నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు. పదిని ముందుగానే ఇంకొక చోట దాచిపెట్టుకోవాలని ఆ అమ్మాయే చెప్పింది.

లూపుల దగ్గర, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే చోట, ఈ కిటికీ ఇంకా బాగా పనికివస్తుంది. వేరుశనగ మూటల బరువులు ఒక్కొక్కటిగా తీసుకుని కూడే లూపులో, ఎన్నో మూటో లెక్కించే అంకెను పెంచడం మరిచిపోవడం మామూలే. సీ లో అయితే ప్రోగ్రాము బరువులు అడుగుతూనే ఉంటుంది, విద్యార్థికి ఏమి జరుగుతోందో అంతుపట్టదు. ఇక్కడ మొత్తం పెరుగుతూ పోతున్నా లెక్క మాత్రం 1 దగ్గరే నిలిచిపోవడం కంటికి కనబడుతుంది. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లీషులో వచ్చే ఎర్రర్ సందేశం చూడగానే చేతులు కీబోర్డు మీద నుంచి తీసేసే పిల్లలకు ఇది చిన్న సౌకర్యం కాదు.

దీనిలో బాణాలు మనం గీయనవసరం లేదు, నిజానికి గీయడానికి వీలూ లేదు. ఉన్న గీత మీద నొక్కి పెట్టెను చేర్చడమే మన పని. కాగితం మీద బాణాన్ని ఎక్కడికి పడితే అక్కడికి లాక్కుపోయే అలవాటు దీంతో తగ్గుతుంది. వరుసగా చేయడం, రెంటిలో ఒకటి ఎంచుకోవడం, మళ్లీ మళ్లీ చేయడం అనే మూడు నిర్మాణాలతోనే ఏ గణననైనా రాయవచ్చని 1966లో బోమ్, జాకోపీని అనే ఇటలీ పరిశోధకులు నిరూపించారు. వారి పేరైనా ఎత్తకుండా ఆ క్రమశిక్షణ పిల్లల చేతికి వచ్చేస్తుంది.

అయితే మొదట్లో నేను దీన్ని తోటి అధ్యాపకులకు సిఫారసు చేసినంత గట్టిగా ఇప్పుడు చేయలేను. ఒక ఏడాది, కరెంటు బిల్లు లెక్కకట్టే చార్టును అభ్యాసంగా ఇచ్చాను. ఇంటి కనెక్షన్ అయితే 1, అంగడి కనెక్షన్ అయితే 2 అని వాడకందారుతో ఎక్కించి, దాన్ని బట్టి ధర మార్చాలి. ఒక అబ్బాయి షరతు రాసే డైమండు పెట్టెలో ‘రకం = 1’ అని రాశాడు. చార్టు చక్కగా నడిచింది, రెండు రకాలకూ సరైన బిల్లు వచ్చింది. కొన్ని వారాల తరువాత అదే లెక్కను సీ లో రాయమన్నప్పుడు చార్టును ముందు పెట్టుకుని, షరతు పెట్టే ఇఫ్ అనే మాట పక్క బ్రాకెట్లలో కూడా అదే ‘రకం = 1’ అని దించాడు. ప్రోగ్రాము ఏ గొడవా లేకుండా కంపైల్ అయింది (కంప్యూటరు నడపగల రూపంలోకి మారింది), నడిచింది, బిల్లు కూడా ఇచ్చింది. కానీ 1 ఇచ్చినా 2 ఇచ్చినా ఇంటి ధరే కడుతోంది. ఆ అబ్బాయి ధరలు సరిచూశాడు, గుణకారం సరిచూశాడు, చార్టును మళ్లీ నడిపి సరైన జవాబు వస్తోందని నిర్ధారించుకున్నాడు, చివరికి ఆ కంప్యూటరులోని సీ కంపైలరే పాడైందన్న నిర్ణయానికి వచ్చి వేరే కంప్యూటరు దగ్గరికి మారి కూర్చున్నాడు. అక్కడా అదే బిల్లు వచ్చింది.

ఫ్లోగరిథమ్‌లో పోలికకు ఒంటి సమానపు గుర్తు (=) పెట్టినా, జంట గుర్తు (==) పెట్టినా చెల్లుతుంది. బేసిక్ భాష తరహాలో రాసేవారికీ, సీ తరహాలో రాసేవారికీ ఇబ్బంది లేకుండా కావాలనే చేసిన ఏర్పాటు అది. సీ లో ఒంటి గుర్తుకు పోలిక అన్న అర్థం లేదు. అది రకంలో 1 ని పెట్టేస్తుంది, వచ్చిన విలువ సున్నా కాదు కనుక షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది. అదే 0 తో పోల్చి ఉంటే ఎప్పుడూ అబద్ధమయ్యేది. జీసీసీ అనే సీ కంపైలరుకు ‘వాల్’ (-Wall) అనే సూచన జతచేయకపోతే దీని గురించి హెచ్చరిక కూడా రాదు. చార్టులో దీర్ఘచతురస్రంలో ఉన్న గుర్తు విలువను పెట్టమంటుంది, డైమండులో ఉన్న అదే గుర్తు పోల్చమంటుంది. అంటే తేడా చెప్పే పని అంతా పెట్టె ఆకారమే చేస్తోంది. సీ కి వచ్చేసరికి పెట్టెలు పోయి గుర్తు ఒక్కటే మిగులుతుంది. ఏ పెట్టెలను చూసి నేను ఇంతగా మెచ్చుకున్నానో, ఆ పెట్టెలే ఈ విషయాన్ని పిల్లల కంట పడకుండా చేశాయి.

దీనికి విరుగుడు కూడా అందులోనే ఉంది. చార్టును వేరే భాషలోకి మార్చి చూపించే కిటికీ తెరిచి సీ++ ఎంచుకుంటే, డైమండులో ఒంటి గుర్తు రాసినా అక్కడ జంట గుర్తే కనబడుతుంది. ఇప్పుడు డైమండు పెట్టె పరిచయం చేసిన రోజునే ఆ కిటికీని పక్కన తెరిచి ఉంచుతున్నాను. దానివల్ల మొదటి వారాల తేలికదనం కొంత పోతుందన్నది నిజమే. కోడు కనబడగానే కొందరి ముఖం మారిపోతుంది.

మరో రెండు ఇబ్బందులున్నాయి గానీ నాకు అంత బాధ లేదు. ఇందులో షరతు నిజమైనంతసేపు తిరిగే వైల్ లూపుకు షడ్భుజి వాడతారు. మా పాఠ్యపుస్తకాల్లో లూపును డైమండుతోనే గీస్తారు కనుక పరీక్షకు ముందు ఆ సంగతి విడిగా చెప్పాలి. స్లాబుల వారీ బిల్లులాగా షరతులో షరతు పెట్టుకుంటూ పోతే చార్టు పక్కలకు పెరిగి తెరలో ఇమడదు, ప్రొజెక్టరు మీద వెనుక వరుసకు అక్షరాలు కనబడవు.

విండోస్ కంప్యూటర్లున్న ల్యాబు, ప్రోగ్రామింగ్ పేరు కూడా విననివాళ్లు నిండిన తరగతి, ఆ తరువాత సీ భాష: నా పరిస్థితి ఇది, దీనికి ఫ్లోగరిథమ్ ఇప్పటికీ సరిపోతుందనే అనుకుంటున్నాను, లూపులు పూర్తయ్యేదాకా మాత్రమే. పైథాన్‌తో మొదలుపెట్టేవారికి నా ఫిర్యాదు పెద్దగా వర్తించదు, ఎందుకంటే అక్కడ ఇఫ్‌లో ఒంటి సమానపు గుర్తు పెడితే ప్రోగ్రాము నడవనే నడవదు. ఇంట్లో ఫోను తప్ప కంప్యూటరు లేని పిల్లలు మా తరగతిలో ఎక్కువమంది. వాళ్లు ల్యాబు దాటాక దీన్ని ముట్టుకోలేరు. అందుకని చార్టు పక్కన నోటుబుక్కులో ఒక్కో వేరియబుల్‌కు ఒక్కో గడి గీసి, పెట్టె దాటినప్పుడల్లా పాత విలువ కొట్టేసి కొత్తది రాయమంటున్నాను. ల్యాబులో ఆ కిటికీ చూసినవాళ్లు దాన్ని ఓపికగానే చేస్తున్నారు, ఆ రోజు రానివాళ్లకు మాత్రం అది మరో హోంవర్కే.