కోడ్ ఒకటే, డబ్బా వేరు: గదికి రంగు ఎంచుకునేవాళ్లు జాగ్రత్త

ఇంట్లో గోడలకు రంగులు వేయించబోతున్నవాళ్లు షాపుకి వెళ్లేముందు ఇది ఒక్కసారి చదవండి. మెషిన్‌లో కలిపిన పెయింట్‌ని షాపువాళ్లు సాధారణంగా వెనక్కి తీసుకోరు. తేడా తెలిసేసరికి డబ్బూ పోతుంది, గోడా పాడవుతుంది.

హైదరాబాద్‌లో మా పడకగదికి రెండు షేడ్లు అనుకున్నాం. ఒకటి లేత బూడిద, ఇంకోటి చందనం రంగుకి దగ్గరగా ఉండేది. రెండూ ఒకే కంపెనీ షేడ్ కార్డులోవి. షాపాయన మా గది ఫొటోలో రెండు రంగులూ వేసి ట్యాబ్‌లో చూపించాడు. బూడిద రంగే నచ్చింది, కోడ్ చెప్పి డబ్బు కట్టేశాం. తీరా గోడ మీద పడ్డాక అది బూడిద కాదు, నీలం. "తడి మీద అలాగే ఉంటుంది సార్, ఆరితే సెట్ అయిపోతుంది" అన్నారు పెయింటర్లు. ఆరింది, రెండో కోటు కూడా పడింది, నీలం నీలంగానే ఉంది. అనుమానమొచ్చి డబ్బా తిప్పి చూస్తే కంపెనీయే వేరు! మూత మీది స్టిక్కర్‌లో కోడ్ మాత్రం మేం ఇచ్చిందే. షాపుకి వెళ్లి నిలదీస్తే, "కోడ్ ఒకటే కదా సార్, ఏ కంపెనీదైతే ఏముంది" అన్నాడు.

చాలా ఉంది. షేడ్ కోడ్ అంటే ఏ బేస్‌లో (రంగు కలపకముందు ఉండే పెయింట్) ఏ రంగు ద్రావణం ఎంత కలపాలో చెప్పే లెక్క. ఆ లెక్క ఆ కంపెనీ బేస్‌కి, ఆ కంపెనీ రంగులకే సరిపోతుంది. వేరే కంపెనీ బేస్‌లో తెలుపు వేరు, రంగుల గాఢత వేరు. అందులో కలిపితే వచ్చేది దగ్గరి రంగే గానీ అదే రంగు కాదు. లేత షేడ్లలో, ముఖ్యంగా బూడిద రంగుల్లో, ఆ కాస్త తేడాకే గోడ నీలంగానో ఆకుపచ్చగానో కనబడుతుంది. మాకు బాధ కలిగించింది రంగు ఒక్కటే కాదు, చెప్పకుండా మార్చడం. బిల్లులో కూడా కంపెనీ పేరు లేదు, "ఎమల్షన్" అని రాసి ఊరుకున్నారు.

సరైన డబ్బానే ఇచ్చినా, షాపులో చూసి రంగుల్ని పోల్చుకోవడం నమ్మదగ్గ పని కాదు. ట్యాబ్‌లో కనబడేది స్క్రీన్ వెలుతురు. షేడ్ కార్డు ముక్క అగ్గిపెట్టెంత కూడా ఉండదు. అదే రంగు నాలుగు గోడలకీ పడితే ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడి మరింత ముదురుగా అనిపిస్తుంది. లైట్ల సంగతి ఇంకా ముఖ్యం. బల్బు పెట్టె మీద 6500 కె (కెల్విన్, వెలుతురు రంగుని చెప్పే కొలత) అని ఉంటే అది తెల్లటి వెలుతురు, బూడిదని నీలం వైపు లాగుతుంది. 3000 కె అంటే పసుపు వెలుతురు, దాని కింద చందనం, క్రీమ్ రంగులు ఇంకా పసుపుగా కనబడతాయి. కిటికీ ఉత్తరానికి ఉన్న గదిలోకి ఎండ నేరుగా పెద్దగా రాదు కాబట్టి పగలు కూడా చల్లటి రంగులు ఇంకా చల్లగా కనిపిస్తాయి.

అందుకే చిన్న సాంపిల్ డబ్బాలు అడగండి. ఇవ్వకపోతే ఒక్కో లీటరు కొన్నా నష్టం లేదు, గది మొత్తం మళ్లీ వేయించే ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ. లప్పం, ప్రైమర్ అయ్యాక రెండడుగుల మేర రెండు షేడ్లూ రెండేసి కోట్లు వేయించండి. కిటికీ ఉన్న గోడకి ఒకచోట, ఎదురు గోడకి ఒకచోట. రెండిటి మధ్య తెల్లగా ఖాళీ వదలండి, పక్కపక్కనే వేస్తే ఒకటి ఇంకోదాన్ని మార్చేస్తుంది. పూర్తిగా ఆరాక పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటేసి చూడండి. పెయింటర్ తొందరపెట్టినా వినకండి.

కొనేటప్పుడు మొత్తం ఒకేసారి కలిపించండి. 12×10 గది, పదడుగుల ఎత్తు అంటే గోడలు 440 చదరపు అడుగులు. రెండు కోట్లకి లీటరుకి 120 చదరపు అడుగులు వచ్చే పెయింటైతే నాలుగు లీటర్లు అంచున సరిపోతాయి. డబ్బా మీద రాసిన లెక్క చూసుకుని ఒక లీటరు ఎక్కువే తీసుకోండి. తర్వాత తెచ్చిన డబ్బా రంగు సరిగ్గా కలవకపోవచ్చు. డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్‌లో పోసి కలిపాకే వేయమనండి.

బిల్లులో కంపెనీ పేరు, పెయింట్ రకం, షేడ్ కోడ్ మూడూ రాయించండి. మూత తీయకముందే డబ్బాకి, స్టిక్కర్‌కి ఫొటో తీసుకోండి. కంపెనీ మారితే షాపులోనే వద్దనండి. మేం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. ఖాళీ డబ్బాలు, బిల్లు దాచి ఉంచాం. ఇలాగే జరిగినవాళ్లుంటే మీరూ డబ్బాలు పారేయకండి, ఫిర్యాదు చేసేటప్పుడు అవే సాక్ష్యం.