కంటి హెర్పిస్: ఆయింట్‌మెంటా, మాత్రలా? ఏది మేలు?

కన్ను ఎర్రబడితే చాలు, మనం కళ్లకలకే అనుకుంటాం. మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక చుక్కల మందు తెచ్చుకుంటాం. ఎరుపు త్వరగా తగ్గాలని అలా ఇచ్చే మందుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఆ ఎరుపు హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చిందైతే, ఒకటి రెండు రోజులు హాయిగా అనిపిస్తుంది, లోపల మాత్రం వైరస్ రెచ్చిపోయి నల్లగుడ్డు మీది పుండు వెడల్పవుతుంది. ఆయింట్‌మెంటా మాత్రలా అని ఆలోచించే ముందు ఈ చుక్కలను పక్కన పెట్టాలి. ఆకు పసర్లు, చనుబాలు కూడా కంట్లో వేయకూడదు.

హెర్పిస్ ఎక్కువగా ఒక కంటికే వస్తుంది. వెలుతురు చూడలేం, నీళ్లు కారతాయి, చూపు మసకబారుతుంది. డాక్టరు ఫ్లోరెసిన్ రంగు వేసి నీలి కాంతిలో చూస్తే, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మీద కొమ్మలు చీలిన సన్నటి గీత పచ్చగా మెరుస్తుంది. కొసల్లో చిన్న బొడిపెలు ఉంటాయి. రంగు వేయకముందే దూది పోగుతో కార్నియాను తాకి చూస్తారు. హెర్పిస్ వచ్చిన కంటికి ఆ స్పర్శ సరిగా తెలియకపోవచ్చు.

పుండు పైపొరలోనే ఉంటే ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు ఆయింట్‌మెంట్‌గానూ పనిచేస్తుంది, మాత్రలుగానూ పనిచేస్తుంది. ఎసైక్లోవిర్ 3 శాతం కంటి ఆయింట్‌మెంట్‌ను రోజుకు 5 సార్లు, కింది రెప్ప లాగి లోపల సన్నగా పెట్టాలి. పెట్టిన ప్రతిసారీ కాసేపు చూపు మసకగా ఉంటుంది, కాబట్టి బండి నడిపేవాళ్లకు, ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఇబ్బందే. పుండు మానిన తర్వాత కూడా వారాల తరబడి వాడితే మందే కంటి పైపొరను దెబ్బతీస్తుంది. గాన్‌సైక్లోవిర్ అనే ఇంకో వైరస్ మందు జెల్ అంత జిడ్డుగా ఉండదు. ఒక జాగ్రత్త: చర్మానికి రాసే ఎసైక్లోవిర్ 5 శాతం క్రీమ్ ట్యూబు కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది. అది కంట్లో పెట్టేది కాదు. ట్యూబు మీద కంటికి అని రాసి ఉందో లేదో చదివి చూడండి.

మాత్రలతో ఈ తంటాలు లేవు. మందు రక్తం ద్వారా కంటికి చేరుతుంది, పైపొర దెబ్బతినదు. చేతులు వణికే పెద్దవాళ్లకు, కంట్లో ఏది పెట్టబోయినా గట్టిగా కళ్లు మూసుకునే పిల్లలకు ఇదే సులువు. అయితే కిడ్నీ సమస్య ఉంటే మోతాదు తగ్గించాలి, కాబట్టి షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. నీళ్లు బాగా తాగాలి. గర్భిణులు కూడా ముందే చెప్పాలి. కిడ్నీలు బాగుంటే నా ఓటు మాత్రలకే. రోజుకు 5 సార్లు ఆయింట్‌మెంట్ పెట్టడం మొదటి రెండు రోజులు బాగానే సాగుతుంది, తర్వాత మధ్యాహ్నం మోతాదులు ఎగిరిపోతాయి.

రెండూ కలిపి వాడితే ఇంకా మేలు కదా అని చాలామంది అడుగుతారు. అమెరికాలో 1990లలో జరిగిన హెర్పెటిక్ ఐ డిసీజ్ స్టడీలో, వైరస్‌ను అణచే చుక్కల మందు వేసుకుంటున్న వాళ్లకు 3 వారాలు మాత్రలు కూడా ఇచ్చి చూశారు. జబ్బు లోపలి పొరకు పాకకుండా ఆపడంలో అదనపు లాభం కనిపించలేదు.

మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల సంగతి వేరు. వైరస్ నరాల్లో దాక్కుని ఉంటుంది, ప్రతి దాడికీ కార్నియా మీద మచ్చ మిగిలి, చివరికి కంట్లో పువ్వు పడవచ్చు. అదే స్టడీ 1998లో ఇంకో ఫలితం ప్రకటించింది. ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఏడాది పాటు వాడినవాళ్లలో 19 శాతం మందికే తిరగబెట్టింది, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవాళ్లలో 32 శాతం మందికి. లోపలి పొరకు ఒకసారి జబ్బు వచ్చినవాళ్లకే లాభం ఎక్కువ. వాళ్లు వచ్చినప్పుడు చూసుకుందాంలే అని ఊరుకోవడం కంటే ఏడాది మాత్రలు మేలని నా గట్టి నమ్మకం. మాత్రలు ఆపితే రక్షణ కూడా పోతుంది, అది తెలిసే మొదలుపెట్టాలి.

ముందు చెప్పిన స్టెరాయిడ్ చుక్కలే లోపలి పొర వాపుకు మాత్రం అవసరమవుతాయి. అవి వైరస్ మందు తోడుగా, కంటి డాక్టరు చూస్తుండగా, మెల్లగా తగ్గించుకుంటూ వాడాల్సినవి. సగంలో ఎవరంతట వాళ్లు ఆపేస్తే వాపు తిరగబెడుతుంది.

నుదుటి మీద ఒక పక్కనే మంటతో పొక్కులు లేస్తే అది సర్పి. అది వేరే వైరస్. ముక్కు కొన మీద కూడా పొక్కు కనిపిస్తే కంటికి పాకే అవకాశం ఎక్కువ. అక్కడ ఆయింట్‌మెంట్ చాలదు, ఎక్కువ మోతాదులో మాత్రలే వాడాలి, వీలైతే పొక్కులు లేచిన 72 గంటల్లోపే మొదలుపెట్టాలి.