ఆ వాఫిల్ మేకర్ జోలికి వెళ్ళకండి, కొత్తదని చెప్పి వాడేసింది అంటగట్టారు

ఇప్పుడే అది అమ్మినవాళ్ళతో చాట్ అయింది, చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. పేరు రాయను, ఆ ఆఫర్ చూసినవాళ్ళకి ఎవరో తెలిసిపోతుంది. గుండ్రటి ప్లేట్ల మధ్య పిండి పోసి గళ్ళ అట్టులా కాల్చేది, సీల్ తీయని కొత్త పీస్ అన్నారు, కొన్నా. పిల్లల సెలవుల్లో వాడదాంలే అని విప్పకుండా పక్కన పెట్టా. ఆ రోజే విప్పి చూడాల్సింది.

ఈరోజు పొద్దున చలికి ఎవరూ దుప్పట్లోంచి లేవట్లేదని మసాలా వాఫిల్స్ మొదలుపెట్టా. 2 కప్పుల మైదాకి 2 టీస్పూన్ల దాల్చినచెక్క పొడి, 1 టీస్పూన్ శొంఠి, కాస్త జాజికాయ తురుము, రెండు లవంగాలు దంచి కలిపా, ఇల్లంతా ఒకటే ఘుమఘుమ. మొదటి రెండూ బాగానే ఊడొచ్చాయి. మూడోది తింటూ మా చిన్నోడు "అమ్మా, ఇది నలగట్లేదు" అని నాలుక మీంచి నల్ల ముక్క తీసి చూపించాడు. లవంగంలే నాన్నా, తినేయ్ అన్నా. నేనే అన్నా, నా నోటితో. తర్వాత ఎందుకో అనుమానమొచ్చి ఇంకో ముక్క తీసి వేళ్ళతో నలిపితే, లవంగమైతే పొడి అవ్వాలి కదా, ఇది పల్చటి పొరలా వంగింది అంతే. మేకర్ ప్లేటు చూస్తే గళ్ళ అంచుల దగ్గర నాన్‌స్టిక్ కోటింగ్ లేచిపోయి కింద తెల్లటి లోహం బయటపడింది. చల్లారాక టార్చి వేసి చూశా, వెనక కీలు సందులో ఎండి రాయిలా బిగుసుకున్న పాత పిండి. నేను పోసింది మూడంటే మూడు, ఒక్కటీ పొంగి కారలేదు. అది ఎవరి ఇంట్లో పిండో మరి!

ఫోటోలన్నీ పంపా. వచ్చిన జవాబు ఇది: "పిండిలో మసాలాలు వేశారు కాబట్టి కోటింగ్ పోయింది మేడమ్, అది మీ తప్పు, వారంటీ వర్తించదు." వాళ్ళ పేజీలో మొదటి ఫోటోలోనే వాఫిల్ పక్కన దాల్చినచెక్కలు పేర్చి ఉన్నాయండీ! అది స్క్రీన్‌షాట్ తీసి పెడితే, రిటర్న్ గడువు దాటింది, ఇంకేం చేయలేం అన్నారు. మరి కీలులో పాత పిండి సంగతేంటి అంటే దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

మసాలా పొడికి కోటింగ్ ఊడటమేంటి అసలు? టెఫ్లాన్ రకం కోటింగ్ 260 డిగ్రీలు దాటి వేడెక్కితే పాడవుతుంది, వాఫిల్‌కి 200 చుట్టుపక్కల చాలు. లేదంటే ఫోర్కో కత్తో పెట్టి గీకితే లేస్తుంది. నేను వాడింది చెక్క గరిటె. నా ముందు వాడినవాళ్ళు ఏం పెట్టి గీకారో ఆ అమ్మినవాడికే తెలియాలి. డబ్బు పోయిందన్న బాధ కన్నా, బిడ్డ నోట్లో అది పడిందే, పైగా నేనే తినమన్నానే, అదే తట్టుకోలేకపోతున్నా.

మీరు ఎవరి దగ్గర కొన్నా వచ్చిన రోజే వీడియో తీస్తూ విప్పండి, కీలు సందులో టార్చి వేసి చూడండి, తడి తెల్లగుడ్డతో ప్లేట్లు తుడవండి, నలుపో గోధుమరంగో అంటితే అప్పుడే వెనక్కి పంపేయండి. మసాలా పిండిలో నల్ల ముక్క కనపడితే లవంగమే అనుకోకండి, నలిపి చూడండి.

ఇందాకే మళ్ళీ మెసేజ్ పెట్టా. చూశారు, నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.