గ్రూపా, షీటా, గోడ మీద బోర్డా? చిన్న టీముకు ఏది మేలు

"పనులు ఎట్ల చూసుకుంటున్నరన్నా? ఏ యాప్ వాడుతున్నరు?" సోలార్ ఫిట్టింగ్ చేసేవాళ్లు ఎక్కడ కలిసినా ఇదే అడుగుతున్నారు. మొన్న మిర్యాలగూడలో ఇద్దరు అడిగారు, నిన్న జడ్చర్ల నుంచి ఫోన్ చేసి మరీ ఇంకొకాయన. అందరికీ ఫోన్లో చెప్పి అలిసిపోయి రాస్తున్నాను.

మాది నల్లగొండలో ఎనిమిది మంది టీము. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ (ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) వచ్చాక పని పెరిగింది. ఒకేసారి పది పన్నెండు ఇళ్లు నడుస్తుంటాయి, ఒక్కోటి ఒక్కో దశలో. సర్వే ఒకరు, అప్లికేషన్ ఒకరు, స్ట్రక్చర్ వెల్డింగ్ ఇద్దరు, వైరింగ్ ఇద్దరు, ఎర్తింగ్ గుంతలు ఒకరు, నెట్ మీటర్ (ఇంటికి వచ్చే కరెంటు, బయటికి పోయే కరెంటు రెండూ లెక్కపెట్టేది) ఫైలు పట్టుకుని కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగేవాడు ఒకడు. మూడు కిలోవాట్ల ఇంటికి 78 వేల సబ్సిడీ వస్తుంది కానీ మీటరు బిగించి, కమిషనింగ్ (అధికారికంగా కరెంటు నడవడం మొదలు) అయ్యాకే. నడుమ ఎక్కడ ఆగినా ఇంటాయన ఫోన్ చేసేది నాకే.

మొదట అందరిలాగే వాట్సాప్ గ్రూపు. దాన్ని తీసిపారేయను. ఎండలో డాబా మీద ఉన్న పిల్లగాడు మసి చేత్తో టైపు చేయలేడు గానీ ఫోటో కొట్టి పంపగలడు, వాయిస్ పెట్టగలడు. ఫోటోలకు ఇప్పటికీ గ్రూపే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, పోయిన ఎండాకాలం మాకు ఒకే పేరున్న రెండు ఇళ్లు ఒకేసారి నడిచాయి. రామగిరిలో ఒక రెడ్డి సార్, పానగల్లులో ఇంకో రెడ్డి సార్. నల్లగొండలో రెడ్డి సార్ అంటే ఎవరని చెప్తాం! గ్రూపులో వాయిస్ వచ్చింది: "రెడ్డి సార్ కాడ గుంతలు అయినయన్నా." కింద మూడు బొటనవేళ్లు. నాదీ ఒకటి. అయినవి రామగిరిలో. పానగల్లులో ప్యానెళ్లు ఎక్కాయి, ఇన్వర్టర్ బిగిసింది, ఇన్‌స్పెక్షన్‌కు కరెంటు ఆఫీసు ఇంజినీరు ఏఈ గారు వచ్చి "ఎర్తింగ్ ఏదయ్యా?" అన్నారు. ఏసీ కరెంటు వైపుకు, డీసీ కరెంటు వైపుకు, పిడుగు కడ్డీకి విడివిడిగా మూడు ఎర్తింగ్ గుంతలు ఉండాలి. ఒక్కటీ లేదు. అప్పటికే ఇంటి చుట్టూ టైల్స్ పరిచారు. పగలగొట్టి తవ్వి, మళ్లీ అతికించి ఇచ్చాం. ఆ టైల్స్ డబ్బులు మా జేబులోంచే.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. గ్రూపులో చెప్పిన మాట కనబడుతుంది, చెప్పని మాట కనబడదు. పానగల్లు గుంతల గురించి ఎవరూ ఏమీ అనలేదు, అనలేదన్న సంగతి మాత్రం ఏ స్క్రీన్ మీదా లేదు.

ఆ దెబ్బకు గూగుల్ షీటు పెట్టాం. పేరుతో కాకుండా కరెంటు బిల్లు మీదుండే యూఎస్‌సీ నంబరు చివరి నాలుగు అంకెలతో ప్రతి ఇంటినీ పిలవడం అప్పుడు నేర్చుకున్నాం. మీరు ఇంకేదీ మార్చకపోయినా ఇదొక్కటి చేయండి. షీటుకు వంక పెట్టడానికి లేని చోటు డబ్బు. అడ్వాన్సు ఎంత, బాకీ ఎంత, అప్లికేషన్ ఏ తేదీన పెట్టాం, ఇవి గోడ మీద రాసుకునేవి కావు. ఒక గడిలో అంకె మారితే ఎవరు మార్చారో ఎడిట్ హిస్టరీలో దొరుకుతుంది. తగాదాలు సగం అక్కడే తెగుతాయి.

కానీ షీటు నింపేది ఎవరు? మొదటి వారం అందరూ నింపారు. రెండో వారం నుంచి ఆఫీసులో కూర్చునే అమ్మాయి ఒక్కతే, అదీ శనివారం సాయంత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగి. అంటే సోమవారం నేను చూసేది పోయిన వారం సంగతి. ఫోన్లో షీటు తెరిచి కుడివైపు జరుపుతూ పోతే పదో కాలమ్‌కు చేరేసరికి ఏ ఇంటి వరుసలో ఉన్నామో మరిచిపోతాం.

ఇప్పుడు బోర్డు. స్ట్రక్చర్ పనిలో మిగిలిన జీఐ ఇనుప రేకు ముక్కకు తెల్ల రంగేసి గోడకు కొట్టాం. నిలువుగా ఆరు గళ్లు, దశకొకటి, ఇంటికో చీటీ, చీటీకో మాగ్నెట్. చీటీ ముందువైపు నాలుగంకెలు, ఊరు. వెనకవైపు గడి మారిన తేదీలు.

ఇక్కడ నా లెక్కలో బోర్డు కన్నా పెద్దది ఒక రూలు. చీటీని పని పూర్తిచేసినవాడు జరపకూడదు, తర్వాతి పని అందుకునేవాడు జరపాలి. మిర్యాలగూడ రైస్ మిల్లు ముందు లారీ ఆగితే బస్తాల లెక్క డ్రైవర్ చెప్పింది రాసుకోరు కదా, దించుకునే గుమాస్తా లెక్కపెట్టుకుంటాడు. ఇదీ అంతే. వైరింగ్ వాడు స్ట్రక్చర్ చూసి, బోల్టులు తిప్పి చూసి, సరే అనుకుంటేనే చీటీ తన గడిలోకి లాక్కుంటాడు. నచ్చకపోతే ముట్టుకోడు. జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీలో తైచి ఓనో పెట్టిన కాన్‌బాన్ పద్ధతి మూలం కూడా ఇదేనని తర్వాత తెలిసింది: పని ముగించినవాడు తోయడం కాదు, తర్వాతి పనివాడు లాక్కోవడం.

ఈ రూలు గ్రూపులోనూ పెట్టొచ్చు, షీటులోనూ పెట్టొచ్చు. పెట్టి చూశాం, నిలవలేదు. బోర్డు మీద ఎందుకు నిలిచిందంటే, ఎవరూ ముట్టుకోని చీటీ రోజూ పొద్దున ఆరున్నరకు, చాయ్ తాగుతూ నిలబడ్డ ఎనిమిది మంది కళ్ల ముందు ఉంటుంది. ఎవరినీ అడగాల్సిన పని లేదు. "గీ 2086 గిట్లనే ఉన్నదేందిరా?" అని వాళ్లలో వాళ్లే అనుకుంటారు.

వైరింగ్ గడిలో మాగ్నెట్లు మూడే పెట్టాను. నాలుగో ఇల్లు లాక్కోవాలంటే ముందున్నది ఒకటి ఎర్తింగ్ వాడు తీసుకుపోవాలి. మొదట్లో మావాళ్లు జేబులో పెట్టుకొచ్చి దొంగ మాగ్నెట్ అంటించేవాళ్లు, అది వేరే కథ.

బోర్డుకు లోపాలున్నాయి. ఆఫీసుకు రానివాడికి అది లేనట్టే. దేవరకొండ పని మీద మూడు రోజులు అక్కడే ఉండేవాళ్ల కోసం పొద్దున బోర్డు ఫోటో గ్రూపులో పెడతాం, వాళ్ల చీటీలు ఫోన్లో అడిగి ఇక్కడున్నవాడు జరుపుతాడు. సగం టీము మహబూబ్‌నగర్‌లో, సగం నల్లగొండలో ఉంటే మాత్రం నేను కూడా షీటే అంటాను. జడ్చర్ల ఆయనకు అదే చెప్పాను.

ట్రెల్లో లాంటి యాప్‌లూ ఉన్నాయి. అదీ బోర్డే, ఫోన్లో ఉంటుంది, పది మంది దాకా ఉచితం. ఐటీ హబ్‌లో కూర్చుని పనిచేసే పిల్లలకు బాగుంటుంది. మావాళ్లు రెండు రోజులు తెరిచారు. గాంట్ చార్టులు (ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో గీతలతో చూపే పటాలు), ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్లు వంతెనలు కట్టేవాళ్లకు.

మేం ఇప్పుడు మూడూ వాడుతున్నాం: ఫోటోలకు గ్రూపు, పైసలకు షీటు, పనికి బోర్డు. ఒక్కటే ఉంచుకోమంటే బోర్డు ఉంచుకుంటాను.

ఇది రాస్తుంటే ఎదురుగా నెట్ మీటర్ గడిలో 4417 కనబడుతోంది. వెనక తేదీ చూస్తే పందొమ్మిది రోజులు. మీటరే రాలేదో, మావాడు ఫైలే ఇయ్యలేదో, రేపు పొద్దున చాయ్ దగ్గర అడగాలి.