అమెరికా విడాకుల రికార్డు: ఎక్కడ వెతికితే మేలు?

"అబ్బాయికి అక్కడ విడాకులైపోయాయట" అని పెళ్లి సంబంధం తెచ్చిన మధ్యవర్తి చెబితే సరిపోతుందా? కాగితం చూడందే పెద్దవాళ్లకు టెన్షన్ తగ్గదు. ఆ కాగితం కోసం జనం పట్టే దారులు మూడు: మనుషుల వివరాలు అమ్మే వెబ్‌సైట్లు, రాష్ట్ర వైటల్ రికార్డ్స్ ఆఫీసు (జనన, మరణ, వివాహాల్లాంటి రికార్డులు ఉంచే చోటు), కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు.

వెబ్‌సైట్లకు డబ్బు తగలెయ్యొద్దు. ఒకే పేరున్న ఇద్దరిని కలిపేస్తాయి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక రాసే మనవాళ్ల విషయంలో ఇక చెప్పేదేముంది!

వైటల్ రికార్డ్స్ నమ్మదగినదే కానీ కొంతవరకే. టెక్సాస్‌లో 1968 నుంచి జరిగిన విడాకులకు ధ్రువీకరణ లేఖ ఇస్తారు. అది డిక్రీ, అంటే విడాకులిస్తూ కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు, కాదు. కాలిఫోర్నియా రాష్ట్ర ఆఫీసులోనైతే 1962 నుంచి 1984 జూన్ దాకా ఉన్నవే దొరుకుతాయి.

అసలు సరుకంతా కోర్టులోనే. పెళ్లి ఎక్కడ జరిగిందన్నది కాదు, కేసు ఏ కౌంటీలో వేశారన్నది తెలియాలి. ఫెడరల్ (కేంద్ర) కోర్టుల కేసులు ఆన్‌లైన్‌లో చూపే పేసర్‌లో వెతికి లాభం లేదు, విడాకులు రాష్ట్ర కోర్టుల పని. డిక్రీ చేతికొచ్చాక కేసు నంబరు, జడ్జి సంతకం, క్లర్కు ముద్ర చూడండి. తేదీ ఇంకా జాగ్రత్తగా చూడాలి. కాలిఫోర్నియాలో జడ్జి సంతకం ఒక రోజున పడినా, పెళ్లి బంధం ముగిసే తేదీ వేరే ఉండొచ్చు. అవతలివారికి నోటీసు అందాక కనీసం ఆరు నెలలు గడవాలి. టెక్సాస్‌లో డిక్రీ వచ్చాక కూడా, కోర్టు మినహాయింపు ఇస్తే తప్ప, 30 రోజులు మరొకరిని పెళ్లాడకూడదు.

కోర్టు ఫైలు అందరికీ తెరిచే ఉంటుందనుకోకండి. న్యూయార్క్‌లో భార్యాభర్తలకు, వాళ్ల లాయర్లకు తప్ప కోర్టు ఆర్డరు లేనిదే ఫైలు చూపించరు. కాలిఫోర్నియాలో ఫైళ్లు చాలావరకు చూడొచ్చు గానీ బ్యాంకు ఖాతా నంబర్లలో చివరి నాలుగు అంకెలే ఉండాలి. ఆస్తులు, అప్పుల కాగితాలను సీలు చేయమని దంపతుల్లో ఎవరైనా అడగొచ్చు. దొరికింది కదా అని ఫైలంతా తిరగేయడం మాత్రం నాకు నచ్చదు. పిటిషన్‌లో ఉండేది ఒక పక్షం మాట. పిల్లల సంగతులు మనకెందుకు?

నన్నడిగితే, సర్టిఫైడ్ కాపీ అబ్బాయినే తెప్పించమనండి. అందులోని కేసు నంబరు కోర్టు వెబ్‌సైట్‌లోనో, క్లర్కుకు ఫోన్ చేసో సరిచూసుకోండి. న్యూయార్క్ కేసైతే ఆ కాపీ ఎలాగూ ఆయన ద్వారానే రావాలి. ఇవ్వడానికి నెలల తరబడి సాకులు చెబుతుంటే సంబంధం అక్కడితో ఆపేయొచ్చు.